షాపు మీదికొచ్చాడు

గుత్తివంకాయ కూర గరిటెడు కవర్లో పోసి, మూతి దగ్గర పట్టుకుని, లోపల కాస్త గాలి నిలిచేటట్టు గిర్రున తిప్పి దారంతో ముడి వెయ్యడం కామాక్షికి కళ్ళతో అవసరం లేని పని. చేతులు వాటి మానాన అవి కట్టుకుపోతుంటే ఆమె చూపు కూరల షాపు మెట్ల కింద నిలబడ్డ జనం మీద ఉంటుంది. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనక నుంచి చెయ్యి జాపుతున్నారు, రైల్వే క్వార్టర్స్ పంతులుగారికి ఉల్లిపాయ వెయ్యని పప్పు పక్కన పెట్టామా లేదా. ఆ సాయంత్రం కూడా అలా చూస్తుండగానే జనం వెనక మోటార్‌సైకిల్ ఆపుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు. ఖాకీ ప్యాంటు, పైన గళ్ళ చొక్కా. కూరల కోసం వచ్చినవాడిలా లేడు.

జనం కాస్త పలచబడ్డాక అతను మెట్లెక్కి వచ్చాడు.

"కామాక్షి అంటే మీరేనా? సారు సత్యదేవ్ గారు ఉన్నరా? నేను కోర్టు కానిస్టేబుల్, విజయేందర్. సమన్లు తెచ్చిన. సోమవారం పొద్దుగాల్నే కోర్టుకు రావాలె. మీరు ఫస్టు సాక్షి, సారు సెకండు."

"ఏ కేసండీ?"

"మీరు పెట్టిందే. మర్చిపోయిన్రా ఏంది? గా ఏసీ మెకానిక్ పోరని కేసు."

లోపలి నుంచి ఆమె భర్త సత్యదేవ్ అన్నం హాట్‌బాక్స్ ఎడమచేత్తో పట్టుకుని వచ్చాడు. కుడిచెయ్యి దాని కింద ఊరికే ఆనించాడు. పోయిన వేసవిలో విరిగిన మణికట్టు అతుక్కుందిగాని వంగడం మానేసింది. అప్పట్నుంచీ పెద్ద డేగిసా అటకెక్కింది. చిన్న గిన్నెల్లో రెండు విడతలుగా వండుతున్నారు. గంజి వార్చడం కామాక్షి వంతుకొచ్చింది. సత్యదేవ్ సమన్లు తీసుకుని చదివి, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

"ఇన్నాళ్ళకు వచ్చింది," అన్నాడు. కౌంటర్ మీద చిందిన పులుసు తుడవడంలో పడ్డాడు.

మర్నాడు పొద్దున షట్టరు సగం ఎత్తి కామాక్షి బీరకాయలు చెక్కుతుంటే కింద ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. వంగి చూసింది. విమలమ్మ. ఆ ఏసీ మెకానిక్ యుగంధర్ తల్లి. రెండు వీధుల అవతల ఉంటుంది, బడిలో ఆయాగా చేస్తుంది. కేసు అయినప్పటి నుంచి ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయే మనిషి. ఈవేళ నీలంరంగు బడి చీర మీదే వచ్చి, మెట్ల కింద చెప్పులు విడవకుండా నిలబడింది.

"రండి, పైకి రండి," అంది కామాక్షి, ఏమనాలో తోచక.

"వద్దక్కా. మల్ల పైకొచ్చిందని రాస్తరేమో."

కామాక్షి చేతిలో పీలర్ ఆగిపోయింది. విమలమ్మ మాటలో ఎత్తిపొడుపు ఉంది గాని కోపం లేదు. రాత్రంతా నిద్రలేని కళ్ళు.

"నా కొడుక్కు రైల్వేల నౌకరి వచ్చింది. టెక్నీషియన్. బోగీలల్ల ఏసీలు జూసే పని. పరీక్ష రాసిండు, పాసయిండు, డాక్టరు పరీక్ష సుత అయింది. కేసుందా అని ఫారంల అడిగితే ఉందని రాసిండు. లేదని రాయరా అని దోస్తులందరు చెప్పిన్రు. వాడు వినలే. అబద్ధం రాస్తే రేపు దొరికినంక తీసేస్తరు గదా అన్నడు. ఇప్పుడు ఆఫీసోళ్ళు అంటున్నరు, కేసుల ఏడేండ్ల సెక్షన్ ఉంది, అది క్లియర్ అయితెనే జూస్తం అని."

"ఏడేళ్ళా?"

"నీకు తెల్వదా అక్కా? నువ్వు పెట్టిన కేసే గదా."

కామాక్షికి నిజంగానే తెలీదు. ఆరోజు తను కోరుకున్నదల్లా పోలీసులు వాణ్ణి పిలిచి నాలుగు తగిలించి, మీ అంకుల్‌కు క్షమాపణ చెప్పమనడం. వాణ్ణి జైలుకు తీసుకెళ్ళారని తెలిసినప్పుడు ఒక క్షణం ఇంత దూరం పోతుందనుకోలేదే అనిపించింది గాని, ఆస్పత్రిలో మొగుడి చేతికి పిండికట్టు చూశాక ఆ క్షణం దాటిపోయింది.

"నేను మాఫీ అడుగనీకి రాలే," అంది విమలమ్మ. "మా పోరడు నూకిండు. తప్పే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పు. గంతే. నేను డ్యూటీకి పోవాలె."

ఆవిడ వెళ్ళాక కామాక్షి బీరకాయ మీద పీలర్ నడిపింది. తొక్కు పచ్చడికని దాచుకోవాల్సిన చెక్కంతా చెత్తబుట్టలో పడుతోందని చాలాసేపటికి చూసుకుంది.

*

కంప్లయింటు తనే ఇచ్చింది కాబట్టి తనే వాపసు తీసుకోవచ్చనుకుంది. మధ్యాహ్నం వంట దించి, సత్యదేవ్ కాసేపు నడుం వాల్చగానే ఆటో ఎక్కి స్టేషన్‌కు వెళ్ళింది. అప్పుడు కంప్లయింటు రాసుకున్న రైటర్ బదిలీ అయిపోయాడు. ఆ కుర్చీలో కొత్తాయన ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విని, కంప్యూటర్ మీదనుంచి తల పక్కకు తీసి చూశాడు.

"వాపసా? చార్జిషీటు పడి ఎన్ని రోజులైంది. మా చేతులకెళ్ళి పోయింది అమ్మా."

"కేసు పెట్టింది నేనే కదండీ. నాకే వద్దనుకుంటే?"

"కంప్లయింట్ మీది. కేసు సర్కారుది. మీరిప్పుడు సాక్షి, గంతే. కోర్టుకు పోయి పీపీ సార్‌ను అడుగుండ్రి."

పీపీ అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరని ఆయనే చెప్పాడు. మర్నాడు కోర్టుకు వెళ్ళింది. పీపీ గారు హాల్లో ఉన్నారన్నారు. హాల్లోంచి వచ్చాక భోజనానికి వెళ్ళారన్నారు. భోజనం నుంచి వచ్చాక, సాక్షులతో సోమవారం పొద్దునే మాట్లాడతారు, ఇప్పుడు కాదన్నారు. ఆయన గది బయట బల్ల మీద కూర్చుని, పక్కన పసిపిల్లను ఆడిస్తున్న ఒకావిడను మీదేం కేసమ్మా అని అడిగితే, ఏమో, మా ఆయనకు తెలుసు అంది ఆవిడ. కామాక్షి ఇంటికొచ్చేసరికి సాయంత్రం వంట ఆలస్యమై, సత్యదేవ్ ఒంటిచేత్తో తాలింపు పెడుతున్నాడు. నూనె మరీ కాగి ఆవాలు మాడాయి.

"ఎక్కడికెళ్ళావు?"

"ఊరికే. కిరాణాకి."

"చేతిసంచీ లేకుండానా?"

ఆమె వెళ్ళి స్టవ్ మంట తగ్గించింది. అతను రెట్టించలేదు.

ఆ సాయంత్రం సాంబారుకని వచ్చిన కల్పలతను ఆమె ఆపింది. కల్పలత ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. లాయరు. రోజూ నల్లకోటు చేతిమీద వేసుకుని ఇదే వేళకు వస్తుంది. జనం లేని పక్కకు పిలిచి కామాక్షి తక్కువ మాటల్లో చెప్పింది. కల్పలత ఫోన్‌లో కేసు నెంబరు కొట్టి ఏదో తెరిచి చదివింది.

"రెండు సెక్షన్లున్నాయి ఆంటీ. చెయ్యి విరగడం ఒకటి. దానికి రాజీ పడొచ్చు. కోర్టు ఒప్పుకుంటే చాలు. రెండోదే ఇబ్బంది. కొట్టడానికి సిద్ధపడి వచ్చి షాపులోకి జొరబడ్డాడని. దానికి ఏడేళ్ళ దాకా శిక్ష. బెయిల్ కూడా సులభంగా రాదు, అందుకే అప్పుడు జైల్లో పెట్టారు. దీనికి రాజీ లేదు. మీరూ వాళ్ళూ కలిసిపోయి చేతులు కలుపుకున్నా కింది కోర్టులో అది పోదు. హైకోర్టుకెళ్ళాలి. అదయ్యేసరికి అబ్బాయి ఉద్యోగం ఉండదు."

"షాపులోకి జొరబడ్డాడనా?"

"మీ కంప్లయింట్‌లో అలాగే ఉంది. 'దుకాణంలోకి అక్రమంగా ప్రవేశించి' అని." కల్పలత తల ఎత్తింది. "ఆంటీ, నిజంగా లోపలికొచ్చాడా?"

సాంబారు కవరు కామాక్షి చేతిలో వెచ్చగా ఊగుతోంది. ఆరోజు రైటర్ పెన్ను పట్టుకుని అడిగిన ప్రశ్న ఆమెకు ఉన్నదున్నట్టు గుర్తుంది. షాపు మీదికొచ్చిండు గదా అమ్మా? ఆ, షాపు మీదికే వచ్చాడండీ. గొడవకొచ్చాడనే అర్థంలో అంది. తమ ఊళ్ళో ఎవరైనా అలాగే అంటారు. ఆయన రాసింది వేరే. కానీ రాశాక చదివి వినిపించాడు కూడా. 'లోపలికి ప్రవేశించి' అన్న ముక్క వినిపించింది. అప్పుడది బాగానే ఉందనిపించింది, తన కోపానికి సరిపోయేంత గట్టిగా ఉందనిపించింది. సంతకం పెట్టింది.

"మెట్టు కూడా ఎక్కలేదమ్మా," అంది. "స్కూటర్ మెట్లకడ్డంగా పెట్టాడు, నిచ్చెనతో సహా. జనం నిలబడ్డానికి చోటు లేదు. ఈయన అరిచారు. వాడు అరిచాడు. ఈయనే గరిటె పట్టుకుని దిగారు. వాడు తోశాడు. మెట్టు అంచు మీద చెయ్యి పెట్టి పడ్డారు."

కల్పలత ఫోన్ సంచీలో వేసుకుంది.

"అయితే కోర్టులో అదే చెప్పండి. ఒక్క సంగతి. చాలామంది సాక్షులు ఏం చేస్తారంటే, గుర్తు లేదు, చూడలేదు అనేస్తారు. కేసు కొట్టేస్తారు, ఇంటికెళ్ళిపోతారు. ముద్దాయి లాయర్ కూడా మీకదే చెప్తాడు, ఆయనకదే సులువు. కానీ తీర్పులో ఏం రాస్తారో తెలుసా? సాక్షులు ఎదురు తిరిగారు, అనుమానం కింద వదిలేస్తున్నాం అని. ఉద్యోగమిచ్చేవాళ్ళు అది చదువుతారు. బయట మాట్లాడుకుని ఉంటారులే అనుకుంటారు. వాడు లోపలికి రాలేదని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్తేనే ఆ అబ్బాయికి ఉపయోగం. అప్పుడైనా ఇస్తారని కాదు. చూపించుకోడానికి ఏదైనా ఉంటుంది."

"చెప్తే నాకేమవుతుంది?"

"పీపీ భయపెడతాడు. తప్పుడు కంప్లయింట్ అంటాడు. నిజంగా కేసు పెట్టడం అరుదే ఆంటీ. పెట్టరని మాత్రం రాసివ్వలేను."

కల్పలత సాంబారు తీసుకుని రోడ్డు దాటింది. కామాక్షి వెనక్కి తిరిగేసరికి సత్యదేవ్ లోపల స్టూలు మీద కూర్చుని పచ్చిమిరపకాయల తొడాలు తీస్తున్నాడు. విన్నాడో లేదో ఆ మొహంలో తెలియలేదు.

*

ఆదివారం కూరల షాపు మధ్యాహ్నం వరకే. గిన్నెలు తోమి బోర్లించాక కామాక్షే మొదలుపెట్టింది.

"రేపు కోర్టులో జరిగింది చెప్తాను. లోపలికి రాలేదని చెప్తాను."

సత్యదేవ్ కుడిచేతికి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన ప్రకారం ఎడమచేత్తో కుడి వేళ్ళు పట్టుకుని వెనక్కి వంచుతాడు రోజూ. వేళ్ళు వంగుతాయి. మణికట్టు కర్రలా నిలబడుతుంది.

"వాడు నా చెయ్యి విరగ్గొట్టాడు," అన్నాడు.

"అది కాదనడం లేదు."

"ఇన్నాళ్ళలో ఒక్కసారి వచ్చాడా? ఎలా ఉంది అని అడిగాడా? ఇక్కడి నుంచి ఇక్కడికి ఎంత దూరం? వాళ్ళమ్మ మొన్నొచ్చింది. ఎందుకొచ్చింది? ఉద్యోగం కోసం. నా చెయ్యి గురించి ఒక్క ముక్క అడిగిందా?"

కామాక్షి ఉలిక్కిపడింది. విమలమ్మ వచ్చిన సంగతి తను చెప్పలేదు.

"అడగలేదు," అంది.

"నువ్వు స్టేషన్‌కెళ్ళావు. కోర్టుకెళ్ళావు. లాయరమ్మతో మాట్లాడావు. నన్నడిగావా?"

"అడిగితే వద్దంటారని."

"వద్దనే అంటాను. వాడికి శిక్ష పడాలి. నేను గంజి వార్చలేను కామాక్షీ. చొక్కా బొత్తాం పెట్టుకోలేను. జనం కవరు అందించమంటే ఈ చెయ్యి చాపుతాను, అది అందాక పోదు. వాళ్ళు నవ్వుతారు. నీకేం, మంచిదానివి అనిపించుకుంటావు."

చివరి మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. సమాధానం చాలా వచ్చింది నోటిదాకా. మీరు గరిటె ఎత్తకపోతే, అన్న మాట ఒకటి. ఆ పూట మీరన్న మాటలు నేను విన్నాను, ఆ వయసు కుర్రాణ్ణి అంత మాట అంటారా, అన్నది ఇంకొకటి. రెండూ మింగేసింది. అతను నూనెచెయ్యి తువ్వాలుకు తుడుచుకుని లేచి, చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోకుండానే బయటికి వెళ్ళాడు. పొద్దువాలాక వచ్చాడు. ఆమె వడ్డించింది. అతను తిన్నాడు.

సోమవారం ఒకే ఆటోలో వెళ్ళారు. మధ్యలో టిఫిన్ డబ్బా పెట్టుకుని చెరో వైపు చూస్తూ కూర్చున్నారు.

కోర్టు వరండా అప్పటికే నిండిపోయింది. గోడవారగా యుగంధర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకున్న మొహం. ఒకప్పుడు షాపు ముందు ఈల వేసుకుంటూ ఏసీ ఫిల్టర్లు కడిగేవాడు. ఇప్పుడు ఎవరు దగ్గరకొచ్చినా కొంచెం పక్కకు జరిగి దారిస్తున్నాడు. పక్కన విమలమ్మ. కామాక్షిని చూసి తల ఊపింది. ఆ ఊపులో ఉన్న నమ్మకం చూసి కామాక్షి చూపు పక్కకు తిప్పుకుంది.

పీపీ గారు పిలిచారు. యాభై దాటిన మనిషి, గొంతు బొంగురు. ఫైలు తిప్పుతూనే మాట్లాడాడు.

"మీరు కేసు విత్‌డ్రా కావాలని తిరుగుతున్నారంట. చూడండమ్మా. సంతకం మీది. కంప్లయింట్‌లో ఏముందో అదే చెప్పాలి. ఇప్పుడొచ్చి, అబ్బే, అతను లోపలికి రాలేదండీ అన్నారనుకోండి, మరి అప్పుడెందుకు రాయించారు అని జడ్జి అడుగుతారు. ఒక మనిషి జైలుకెళ్ళాడు మీ మాట మీద. అబద్ధపు ఫిర్యాదని కోర్టులో మీరే ఒప్పుకుంటే రేపు ఆ పక్కన నిలబడేది మీరు. మీ ఇష్టం."

ఆయన కోప్పడలేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పి మరో ఫైలు తీసుకున్నాడు. కామాక్షి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. సత్యదేవ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పీపీ ఏమన్నాడని అడగలేదు.

పేరు పిలిచారు.

హాలు ఆమె అనుకున్నదానికంటే చిన్నది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. మేజిస్ట్రేట్ చిన్న వయసు స్త్రీ, కళ్ళజోడు. ప్రమాణం చేయించారు. పీపీ గారు పేరు, ఊరు, వృత్తి అడిగారు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది. సంఘటన జరిగిన రోజు మీరెక్కడున్నారని అడిగారు. షాపులో ఉన్నానంది.

"ముద్దాయి అప్పుడేం చేశాడు?"

బోను దగ్గర యుగంధర్ చేతులు ముందుకు కట్టుకుని నేల చూస్తున్నాడు. లోపలికి రాలేదండి. అంతే. రెండే మాటలు. దారంతా మనసులో అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు నాలుక వాటిని ఎత్తడం లేదు. రేపు ఆ పక్కన నిలబడేది మీరు. టైపిస్టు వేళ్ళు కీబోర్డు మీద ఆగి, ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి.

"నేను లోపల వంట దగ్గర ఉన్నానండి," అంది కామాక్షి. "సరిగ్గా చూడలేదు. గుర్తు లేదు."

టైపిస్టు వేళ్ళు కదిలాయి. పీపీ గారు విసుగ్గా మేజిస్ట్రేట్ వైపు తిరిగి, సాక్షి ఎదురు తిరిగింది, ప్రశ్నించడానికి అనుమతి కావాలన్నాడు. కాగితం చూపించి, సంతకం మీదేనా అన్నాడు. నాదేనంది. ఇందులో రాసింది మీరు చెప్పలేదా అన్నాడు.

"వాళ్ళు రాసుకున్నారండి. నేను చదవలేదు."

అది కూడా అనేసింది. ఒక అబద్ధం వెనక ఇంకొకటి వచ్చేసింది. యుగంధర్ లాయరు లేచి, తనకు ప్రశ్నలేమీ లేవని చెప్పి, సంతోషంగా కూర్చున్నాడు. యుగంధర్ ఒక్కసారి తలెత్తి ఆమెను చూసి మళ్ళీ దించుకున్నాడు. చూసి కూడా చెప్పలేదని అతనికి అర్థమైందని ఆమెకు తెలిసింది.

సాక్ష్యం అయిపోయింది కాబట్టి వెనక బల్ల మీద కూర్చోవచ్చన్నారు. కూర్చుంది.

సత్యదేవ్ లోపలికి వచ్చాడు. బయట ఉన్నవాడికి లోపల ఏం జరిగిందో తెలీదు. ఆమె వైపు చూడలేదు. ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తాడు. అది సగంలో వంకరగా నిలిచింది. మేజిస్ట్రేట్ ఆ చెయ్యి చూసి, కూర్చుని చెప్తారా అని అడిగింది. అక్కర్లేదండి అన్నాడు.

"ముద్దాయి స్కూటర్ అడ్డంగా పెట్టాడు," అని మొదలుపెట్టాడు, పీపీ గారు అడగగానే. "తియ్యమన్నాను. గిరాకీ చూసి వస్తున్నా, ఆగండి అన్నాడు. నేను తిట్టాను. వాడి పుట్టుక గురించి అన్నాను. అనకూడని మాటే. వాడూ తిట్టాడు. పెద్ద జల్లిగరిటె చేతిలో ఉంది, దాంతోనే మెట్లు దిగాను. కొడతాననే దిగాను. వాడు రెండు చేతుల్తో తోశాడు. మెట్టు అంచున పడ్డాను. ఇదిగో."

"ముద్దాయి మీ దుకాణంలోకి ప్రవేశించి మీ మీద దాడి చేశాడు. అవునా?"

"లోపలికి రాలేదండి. మెట్టెక్కలేదు."

పీపీ గారు ఫైలు మూసి మళ్ళీ తెరిచాడు. "పోలీసులకు మీరిచ్చిన స్టేట్‌మెంట్‌లో ప్రవేశించాడని ఉంది."

"అప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను. పోలీసులు వచ్చి, మీ ఆవిడ చెప్పింది రాసుకున్నాం, అంతేగా అన్నారు. అంతే అన్నాను. నొప్పిగా ఉంది. ఇప్పుడడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను."

"మీ భార్య లోపల ఉండి ఏమీ చూడలేదంటోంది."

సత్యదేవ్ మొదటిసారి వెనక్కి తిరిగి కామాక్షి కోసం చూశాడు. చూసి, చాలాసేపటికి ముందుకు తిరిగాడు.

"కౌంటర్ దగ్గరుందండి, కవర్లు కడుతూ," అన్నాడు. "అంతా చూసింది."

మేజిస్ట్రేట్ కళ్ళజోడు సర్దుకుని వెనక బల్ల వైపు ఒకసారి చూసింది. కామాక్షి తల ఎత్తలేదు. తన చీరకొంగు అంచున పసుపు మరక ఒకటి ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు సత్యదేవ్ మేజిస్ట్రేట్‌తో. "వాడు లోపలికి రాలేదన్నది రాశారు. నా చెయ్యి విరగ్గొట్టాడన్నది కూడా రాయండి. అది వదిలెయ్యకండి."

"రాస్తున్నారండి. రెండూ రాస్తున్నారు," అందావిడ.

అతనికి ఎదురు ప్రశ్నలు వెయ్యడానికి లేచిన యుగంధర్ లాయరు, ఏమడగాలో తోచనట్టు నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. దుకాణంలోకి జొరబడ్డ సంగతికి దెబ్బతిన్న మనిషే ఆధారం లేదంటున్నాడు గనక దాని మీద వాదనలు వచ్చే వాయిదాకు వింటానని, మిగిలిన గాయం విషయంలో మీకు రాజీ ఇష్టమైతే ఆ రోజే చెప్పవచ్చని మేజిస్ట్రేట్ సత్యదేవ్‌తో అంది.

"ఇంతవరకూ నన్నెవరూ అడగలేదండి," అన్నాడు అతను.

*

వరండాలో సత్యదేవ్ తిన్నగా బల్ల దగ్గరకు వెళ్ళి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. కామాక్షి కొంచెం వెనకగా ఆగిపోయింది. ఇంకో కేసుకు పేర్లు పిలుస్తున్నారు. జనం అటూ ఇటూ కదులుతున్నారు. ఆ జనంలోంచి యుగంధర్ వచ్చి సత్యదేవ్ ఎదురుగా నిలబడ్డాడు. అతని లాయరు వెనక నుంచి ఏదో అంటున్నాడు, ఇప్పుడు మాట్లాడొద్దనో ఏమో. యుగంధర్ వినిపించుకోలేదు.

"అంకుల్," అన్నాడు. అతని కుడిచెయ్యి వైపు చూశాడు. మళ్ళీ అన్నాడు. "అంకుల్, చెయ్యి వంగుతలేదా?"

"వంగదు."

"నాకు తెల్వదు. కట్టు తీసినంక మంచిగైందనుకున్న. షాపు దిక్కు వస్తే మీరు ఇంకో కేసు పెడ్తరని అమ్మ రానీయలే." అతను ఆగాడు. "రావాల్సుండె."

సత్యదేవ్ అతని మొహంలోకి చూశాడు. "నీ పుట్టుక గురించి అన్నాను," అన్నాడు. "అది కూడా లోపల చెప్పాను. విన్నావు కదా."

"విన్న."

"సరే."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. కలిసిపోయినట్టు లేదు, విడిపోయినట్టూ లేదు. యుగంధర్ మెల్లిగా చెయ్యి చాచాడు. సత్యదేవ్ ఒక క్షణం ఆలోచించి తన కుడిచెయ్యి ఆ అరచేతిలో పెట్టాడు. మెకానిక్ వేళ్ళు మణికట్టు చుట్టూ జాగ్రత్తగా తడిమి, అతుకు దగ్గర ఎముక ఎత్తుగా ఉన్నచోట ఆగాయి. అతను తల వంచుకున్నాడు.

విమలమ్మ ఇది దూరం నుంచి చూసింది. ఆవిణ్ణి హాల్లోకి రానివ్వలేదు. తలుపు దగ్గర ఎవరో, రాలేదని చెప్పిన్రంట అమ్మా, అంటే అంతే విని ఏడుస్తూ నిలబడింది. ఇప్పుడు జనాన్ని తోసుకుంటూ కామాక్షి దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ చేతులు గరుకుగా, వేడిగా ఉన్నాయి.

"అక్కా, నీ మేలు మర్చిపోను. నువ్వు చెప్పినవంట గదా. నాకు తెల్సు నువ్వు చెప్తవని. రాత్రంతా అదే అనుకున్న. నౌకరి వచ్చినా రాకపోయినా మంచిదే, నా కొడుకు ఇంట్ల జొరబడ్డోడు కాదని నలుగుట్ల చెప్పినవు."

కామాక్షి చేతులు వెనక్కి తీసుకోబోయింది. విమలమ్మ వదల్లేదు. అవతల సత్యదేవ్ టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. అతను ఏమీ అనడు. ఆమె ఊరుకుంటే అతనూ ఊరుకుంటాడు. ఇంటికెళ్ళాక కూడా ఎత్తడు. అది ఆమెకు తెలుసు. ఒక్క నవ్వు నవ్వి తల ఊపితే చాలు, ఈ వరండా దాటేస్తారు.

"నేను చెప్పలేదు విమలమ్మగారూ," అంది కామాక్షి.

"ఏందీ?"

"నేను గుర్తు లేదన్నాను. చూడలేదన్నాను. భయపడ్డాను. చెప్పింది ఆయన."

విమలమ్మకు ఆ మాట అందడానికి కాస్త సమయం పట్టింది. కళ్ళు తుడుచుకుని కామాక్షి మొహంలోకి చూసింది. తిట్టలేదు. పట్టుకున్న చేతుల్ని ఒకటొకటిగా వదిలింది. కొంగు సరిచేసుకుని, జనంలోంచి సత్యదేవ్ ఉన్నవైపు నడిచింది. అతని ముందు నిలబడి, ఆ కుడిచెయ్యి వైపు చూస్తూ ఏదో అంది. ఆ అన్నది కామాక్షి దాకా వినిపించలేదు.